జాతి, ఉపాధి: ఆఫ్రో-లాటినో అస్తిత్వాన్ని గురించి

తెలుగులో "జాతి" అన్న మాట మోస్తున్న బరువు చాలా ఎక్కువ. మానవజాతి అంటాము, తెలుగుజాతి అంటాము, జాతిపిత అంటాము, గిరిజన జాతులు అంటాము, మామిళ్లలో మేలుజాతి అని కూడా అంటాము. చోటును బట్టి అర్థం మారుతుంది. ఒకచోట అది శరీరానికి సంబంధించిన విభాగం, మరొకచోట భాషకు సంబంధించినది, ఇంకొకచోట రాజ్యానికి సంబంధించినది. ఇంగ్లీషువారు రేస్, ఎత్నిసిటీ, నేషన్ అని వేరువేరు మాటలు పెట్టుకొన్నారు గనుక వారి ఆలోచన మనకంటె తేటగా ఉంటుందని అనుకోవడానికి వీలులేదు. మాటలు ఎన్ని ఉన్నా గందరగోళం ఒక్కటే. ఆ గందరగోళాన్ని స్పష్టంగా చూపించే జనసమూహం అమెరికా ఖండాలలో ఉన్నది. వారినే ఇటీవలి దశాబ్దాలలో ఆఫ్రో-లాటినోలు అంటున్నారు.

ఆఫ్రికా సంతతివారై ఉండి, లాటిన్ అమెరికా దేశాల భాషను, ఆచారాలను, చరిత్రను తమవిగా కలిగినవారు ఆఫ్రో-లాటినోలు. క్యూబా, ప్యూర్టో రికో, డొమినికన్ రిపబ్లిక్, కొలంబియా, పనామా, బ్రెజిల్ వంటి దేశాలు వారి మూలస్థానాలు. అమెరికా సంయుక్త రాష్ట్రాలకు వెళ్లిన ఇటువంటివారికి పదేపదే ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉన్నది: "మీరు నల్లవారా, లేక లాటినోలా?" అడిగేవారి మనస్సులో కుతూహలం తప్ప మరేమీ లేకపోవచ్చు. కాని ఆ ప్రశ్నలోని "లేక" అన్న అవ్యయం ఎక్కడినుంచి వచ్చింది? నల్లదనం ఒక దారి, లాటినో కావడం మరొక దారి, మనిషి రెంటిలో ఒకదానినే ఎన్నుకోవాలి అన్న భావన ఆ చిన్నమాటలో దాగి ఉన్నది. దాని మంచిచెడ్డలను విచారించడమే ఇక్కడి ఉద్దేశం.

ముందుగా చరిత్ర. పదహారో శతాబ్దం మొదలు పంతొమ్మిదో శతాబ్దం సగం గడిచేవరకు ఆఫ్రికానుంచి అట్లాంటిక్ మీదుగా సుమారు 1 కోటి 25 లక్షల మందిని బానిసలుగా ఓడలకెక్కించారని, వారిలో సుమారు 1 కోటి 7 లక్షల మంది ప్రాణాలతో ఒడ్డు చేరారని చరిత్రకారుల అంచనా. వీరిలో నేటి సంయుక్త రాష్ట్రాల భూభాగంలో నేరుగా దిగినవారు 4 లక్షలకు లోపే. ఒక్క బ్రెజిల్‌లో దిగినవారు సుమారు 48 లక్షలు. అంటే అమెరికా ఖండాలలోని ఆఫ్రికా సంతతి చరిత్రలో సింహభాగం నడిచింది పోర్చుగీసు, స్పానిష్ భాషలు మాట్లాడే నేలల మీద. అయినప్పటికీ "అమెరికాలోని నల్లవారు" అనగానే మనకు మిసిసిపీ పత్తిచేలు, హార్లెం వీధులు, ఇంగ్లీషు పాటలు కళ్లముందు మెదులుతాయి. "లాటినో" అనగానే గోధుమవన్నె ముఖం ఒకటి మెదులుతుంది. ఈ రెండు బొమ్మలూ సినిమాలవల్ల, పత్రికలవల్ల ఏర్పడినవి. ఆఫ్రో-లాటినో ఈ రెండింటిలోనూ ఇమడడు.

ఆర్తురో అల్ఫోన్సో షోంబర్గ్ జీవితాన్ని ఇక్కడ కొంత వివరంగా చెప్పుకోవాలి. ఆయన 1874లో ప్యూర్టో రికోలోని సాన్ హ్వాన్‌లో జన్మించాడు. తల్లి కరీబియన్ దీవులలోని సెయింట్ క్రాయ్‌కు చెందిన నల్లజాతి స్త్రీ. నల్లవారికి చరిత్ర లేదని చిన్ననాడు ఒక ఉపాధ్యాయురాలు అన్న మాట ఆయనను జీవితాంతం వెంటాడిందని ప్రతీతి. 1891లో న్యూయార్కు చేరి, అక్కడ ప్యూర్టో రికో, క్యూబాల స్వాతంత్ర్యంకోసం పనిచేసే దేశభక్తుల బృందాలలో చేరాడు. అప్పటికి ఆయన ఆర్తురో. పని స్పానిష్ భాషలో, కల రెండు దీవుల విముక్తి. 1898 యుద్ధానంతరం ప్యూర్టో రికో స్పెయిన్ చేతినుంచి సంయుక్త రాష్ట్రాల చేతిలోకి పోయింది. ఆ పోరాటం చెదిరిపోయింది. తరువాత ఆయన ఆర్థర్ అయ్యాడు. నల్లజాతి మేధావులతో కలిసి 1911లో నల్లజాతి చరిత్ర పరిశోధనకై ఒక సంఘాన్ని నెలకొల్పాడు. గ్రంథాలు, లిఖితప్రతులు, చిత్రాలు వేలకొద్దీ సేకరించాడు. 1926లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ఆ సేకరణను కొన్నది. నేడు హార్లెంలో ఉన్న షోంబర్గ్ పరిశోధనా కేంద్రానికి మూలం అదే.

ఈ జీవితాన్ని ఇద్దరు రెండు విధాలుగా చెప్పుకొంటారు. ఆర్తురో లాటినోగా పుట్టి, ఆ గుర్తింపును విడిచి నల్లవాడైపోయాడని ఒకరు; ఆయన ఎప్పుడూ నల్లవాడే, స్పానిష్ ఒక బాల్యస్మృతి మాత్రమే అని మరొకరు. రెండూ సరికావు. తన సేకరణను అమ్మిన 1926లోనే ఆయన స్పెయిన్‌కు ప్రయాణం కట్టాడు. అక్కడ ఆయన వెదికినది హ్వాన్ దె పరేహా చిత్రాలను. పరేహా పదిహేడో శతాబ్దపు స్పానిష్ చిత్రకారుడు. మహాచిత్రకారుడు వెలాస్కెస్‌కు బానిసగా ఉండి, 1650లో స్వేచ్ఛను పొంది, తాను స్వయంగా చిత్రకారుడుగా నిలిచినవాడు. స్పానిష్ సంస్కృతి నడిబొడ్డున ఒక ఆఫ్రికా సంతతి మనిషిని చూపడమే ఆ అన్వేషణ సారాంశం. రెంటిలో ఒకదానిని వదులుకొన్నవాడు చేసే పని కాదది. స్పానిష్ వచ్చినవాడు గనుకనే నల్లజాతి చరిత్రలో ఆ పుటను ఆయన తెరువగలిగాడు.

మరొక రంగంనుంచి ఒక ఉదాహరణ. అది ఆటల మైదానం; తత్త్వవేత్తలు అంతగా తొంగిచూడని చోటు. సంయుక్త రాష్ట్రాల ప్రధాన బేస్‌బాల్ పోటీలలో 1947 వరకు నల్లవారికి ప్రవేశం లేదు. కాని 1911లోనే క్యూబానుంచి వచ్చిన ఇద్దరు ఆటగాళ్లను సిన్సినాటీ జట్టు తీసుకొన్నది. కారణం వారి చర్మం తెల్లగా ఉండటం. అదే క్యూబాకు చెందిన మార్టిన్ డిహిగో ఆ కాలపు మహా ఆటగాళ్లలో ఒకడు. అతని చర్మం నల్లన. ప్రధాన పోటీలలో ఒక్కరోజు కూడా ఆడనివ్వలేదు. ఒకే దీవి, ఒకే భాష, ఒకే మతం, ఒకే వంట. లాటినో అన్న మాట వీరిద్దరికీ సమానంగా వర్తిస్తుంది. తలుపు మాత్రం ఒకరికి తెరుచుకొన్నది, ఒకరికి మూసుకొన్నది. ప్యూర్టో రికో ఆటగాడు రొబెర్తో క్లెమెంతె 1955లో పిట్స్‌బర్గ్ జట్టులో చేరేనాటికి నిషేధం పోయింది గాని, ఫ్లోరిడాలో శిక్షణకాలంలో తెల్ల సహచరులు బసచేసే హోటలులో అతనికి చోటుండేది కాదు. పత్రికలవారు అతని స్పానిష్ యాసను ఎగతాళి చేస్తూ అచ్చువేసేవారు. అంటే మేనిరంగును బట్టి ఒక అవమానం, భాషను బట్టి మరొక అవమానం. ఏది ఎక్కడినుంచి వచ్చిందో అతనికి బాగా తెలుసు. రెండూ ఒక్కటే అని అతడు ఎన్నడూ భ్రమపడలేదు.

ఇక్కడ మన తర్కశాస్త్రం చెప్పిన ఒక సూక్ష్మ విషయం పనికివస్తుంది. న్యాయ వైశేషికులు జాతి అన్న మాటను పారిభాషికంగా వాడారు. అనేక వ్యక్తులలో ఒక్కటిగా, నిత్యంగా ఉండే సామాన్యధర్మం జాతి. గోవులన్నింటిలోని గోత్వం అటువంటిది. అయితే పలువురిలో కనిపించే ప్రతి ధర్మమూ జాతి కాదు. కొన్ని బయటి నిమిత్తంవల్ల వచ్చి చేరినవి, వాటిని ఉపాధి అన్నారు. (నేడు ఉపాధి అంటే జీవనోపాయమని అర్థం స్థిరపడింది. ఇక్కడ శాస్త్రార్థాన్నే గ్రహించాలి.) వంటచేసేవారందరిలోనూ పాచకత్వం ఉన్నది, కాని అది పుట్టుకతో వచ్చిన సారం కాదు, పనివల్ల వచ్చిన పేరు. ఏది జాతి కాజాలదో నిర్ణయించడానికి ఉదయనాచార్యుడు కిరణావళిలో ఆరు బాధకాలను చెప్పాడు. వాటిలో ఒకటి సంకరం. రెండు ధర్మాలు ఒకదానినొకటి విడిచి వేరుగా ఉండి, మళ్లీ ఒకేచోట కలిసి కూడా కనిపిస్తే, అవి నిజమైన జాతులు కావు. భూతత్వం ఆకాశంలో ఉన్నది, అక్కడ మూర్తత్వం లేదు. మూర్తత్వం మనస్సులో ఉన్నది, అక్కడ భూతత్వం లేదు. భూమిలోనూ నీటిలోనూ రెండూ ఉన్నాయి. కనుక భూతత్వ మూర్తత్వాలు రెండూ జాతులుగా నిలువవు. నవ్యులలో కొందరు ఈ బాధకాన్ని అంగీకరించలేదన్నది నిజమే. అయినా అది చూపిన మార్గం విలువైనది.

నల్లదనం, లాటినోత్వం ఈ రెంటినీ ఆ తూనికలో పెట్టి చూడండి. మిసిసిపీలోని నల్ల రైతులో మొదటిది ఉన్నది, రెండవది లేదు. బ్యూనోస్ ఐరెస్‌లో స్థిరపడిన ఇటలీ సంతతి వ్యాపారిలో రెండవది ఉన్నది, మొదటిది లేదు. డిహిగోలో రెండూ ఉన్నాయి. అందువల్ల వీటిలో ఏదీ మనిషి సారాన్ని తెలిపే జాతి కాదు, రెండూ ఉపాధులే. ఒకటి చూచేవారి కంటికి, వారి చట్టానికి సంబంధించినది. రెండవది భాషకు, వలసపాలన చరిత్రకు సంబంధించినది. వాటి మధ్య "లేక" అన్న అవ్యయానికి తావే లేదు. సంకరం అన్న మాటను లోకం మిశ్రమ సంతతిని నిందించడానికి వాడింది. తర్కంలో మాత్రం ఆ దోషం విభజనది, మనిషిది కాదు. ఈ సంగతిని మనం మనవారికే తగినంతగా చెప్పుకోలేదు. బ్రాహ్మణత్వం సత్యమైన జాతి అని కుమారిలభట్టు వంటి మీమాంసకులు పట్టుపట్టి వాదించారు, బౌద్ధులు దానిని గట్టిగా ఖండించారు. ఆ వివాదం మనదేశంలో పుస్తకాలలో ముగిసిందేగాని వీధులలో ముగియలేదు.

ఆధునిక జన్యుశాస్త్రం కూడా వేరే దారిలో నడిచి ఈ చోటికే వచ్చింది. మానవులలోని జన్యువైవిధ్యంలో నూటికి 85 వంతులు ఏ ఒక్క జనసమూహంలోనైనా లోలోపలే ఉంటాయని రిచర్డ్ లెవొంటిన్ 1972లో చూపించాడు. రక్తంలో జాతిని వెదకడం వ్యర్థమన్నది నేడు వివాదాంశం కాదు. వివాదం దీని తరువాతి మెట్టు దగ్గర మొదలవుతుంది. ఉపాధి అయినంతమాత్రాన అది అబద్ధమా? సారం కాదు గనుక దానిని పట్టించుకోనక్కర లేదా? వంటవాడి పాచకత్వం ఉపాధి, కాని అతని చేతికి అంటిన మంట నిజం.

ఈ ప్రశ్నకు అమెరికా ఖండాలు రెండు తప్పుడు జవాబులు చెప్పాయి. ఉత్తరాది జవాబు అందరికీ తెలిసినదే. ఒక్క చుక్క ఆఫ్రికా రక్తమున్నా మనిషి నల్లవాడేనని 1924లో వర్జీనియా రాష్ట్రం చట్టం చేసింది. జాతుల మధ్య వివాహాన్ని నిషేధించిన ఆ చట్టం 1967లో సుప్రీంకోర్టు తీర్పుతో కూలింది. చుక్కను లెక్కించే ఆ పద్ధతి ఉపాధిని సారంగా భావించింది.

దక్షిణాది జవాబు మృదువుగా ధ్వనిస్తుంది, అందువల్లనే దానిని పరీక్షించడం కష్టం. మా దేశంలో అందరమూ కలిసిపోయాము, మాకు జాతిభేదం తెలియదు, అన్నది ఆ జవాబు. మెక్సికో రచయిత హొసే వాస్కొన్సెలోస్ 1925లో జాతులన్నీ కలిసిన "విశ్వజాతి"ని కొనియాడాడు. బ్రెజిల్ పండితుడు జిల్బెర్తో ఫ్రేయరె 1933లో ప్రకటించిన గ్రంథం ఆ దేశపు మిశ్రమ సంస్కృతిని గర్వకారణంగా నిలబెట్టింది. శ్వేత స్వచ్ఛతను కీర్తించే ఆనాటి ఐరోపా సిద్ధాంతాలకు ఎదురుగా అవి నిలిచాయి; ఆ మేరకు వాటి మేలు కాదనలేము. కాని ఆ కలయిక సమాన మెట్లమీద జరగలేదు. పద్దెనిమిదో శతాబ్దపు మెక్సికోలో ఏ తల్లికి ఏ తండ్రివల్ల పుట్టిన బిడ్డను ఏ పేరుతో పిలవాలో వరుసగా చూపే చిత్రాలు వేయించుకొనేవారు. 1795లో స్పెయిన్ రాజు, మిశ్రమ సంతతివారు తమ పుట్టుకవల్ల కలిగిన అడ్డంకులను తొలగించుకొనే రాజపత్రాన్ని ఎంత రొక్కానికి కొనుక్కోవచ్చునో ధరల పట్టికను ప్రకటించాడు. తెల్లదనం అంగడిలో అమ్ముడుపోయిందంటే అది సారం కాదనడానికి ఇంతకంటె నిదర్శనం ఏముంటుంది? అయితే అది విలువలేనిదై ఉంటే దానిని డబ్బిచ్చి కొనేవారెవరు?

భేదం లేదన్న మాట భేదాన్ని గురించి మాట్లాడనివ్వని ఆజ్ఞగా మారవచ్చు. క్యూబా స్వాతంత్ర్య యుద్ధంలో నల్లవారు పెద్దసంఖ్యలో పోరాడారు. స్వతంత్రం వచ్చాక పదవులలో తమకు చోటు దక్కకపోవడంతో 1908లో వారు సొంత రాజకీయపక్షాన్ని స్థాపించుకొన్నారు. క్యూబాలో అందరూ క్యూబావారే, కనుక ఒక జాతికి పరిమితమైన పక్షం జాతిద్వేషమే అన్న వాదంతో 1910లో అటువంటి పక్షాలను నిషేధించారు. 1912లో నిరసనకు దిగినవారిని సైన్యం అణచివేసింది. వేలమంది ప్రాణాలు కోల్పోయారు. జాతి లేదన్న దేశంలో జాతిని బట్టి మనుషులను చంపడానికి ఎవరికీ తడబాటు కలుగలేదు.

డొమినికన్ రిపబ్లిక్ కథ ఇంకొక రకం. 1844లో అది స్వాతంత్ర్యం పొందినది స్పెయిన్ నుంచి కాదు, పొరుగున ఉన్న నల్లవారి దేశం హైతీనుంచి. కనుక అక్కడ నల్లవాడు అంటే హైతీవాడు అన్న భావం పాతుకొన్నది. ఆఫ్రికా సంతతివారే అత్యధికులైన ఆ దేశంలో గుర్తింపుకార్డుల మీద చాలాకాలం మేనిరంగును "ఇందియో", అంటే ఆదివాసి వర్ణం, అని రాసేవారు. నియంత త్రుహియో 1937లో సరిహద్దు ప్రాంతంలో హైతీవారిని వేలకొద్దీ ఊచకోత కోయించాడు. 2013లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం, 1929 తరువాత పుట్టినవారిలో తల్లిదండ్రులకు సక్రమ నివాసహోదా లేనివారికి పౌరసత్వం చెల్లదని తీర్పునిచ్చింది. దెబ్బతిన్నవారు ప్రధానంగా హైతీ సంతతివారు. ఇటువంటి దేశంనుంచి న్యూయార్కుకు వచ్చిన మనిషి "నేను నల్లవాడిని కాను, డొమినికన్‌ను" అంటే మనం తొందరపడి నవ్వకూడదు. అతడు సంయుక్త రాష్ట్రాల చర్మశాస్త్రాన్ని నిరాకరిస్తున్నాడు, అది సబబే. అదే మాటతో హైతీవాడికి తనకూ మధ్య గోడ కూడా కడుతున్నాడు, అది సబబు కాదు. ఒకే వాక్యంలో ఒక సత్యమూ ఒక అన్యాయమూ కలిసి ఉన్నాయి.

ఇది మనకు మరీ దూరపు సంగతి కాదు. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అన్న పేట పేరుకు మూలం నిజాం కొలువులోని ఆఫ్రికా అశ్వదళం. ఆ వంశాలవారు దక్కనీ ఉర్దూ మాట్లాడతారు, తెలుగు మాట్లాడతారు. నగరంలోని పెళ్లిళ్లలో వినిపించే మర్ఫా వాద్యంతో వారికి గట్టి అనుబంధం ఉన్నది. ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలు కొంకణి, కన్నడం మాట్లాడతారు. వీరిలో ఎవరినైనా పట్టుకొని "ఏ దేశం మీది?" అని అడిగే మనిషి కూడా అదే "లేక"ను మనస్సులో పెట్టుకొని అడుగుతున్నాడు.

ఇక అసలు చిక్కు. జాతి ఉపాధి మాత్రమే అయితే, ప్రభుత్వం దానిని కాగితం మీద రాసి, లెక్కపెట్టి, దానిని బట్టి సీట్లు పంచడం ఆ భ్రమను స్థిరపరచడం కాదా? ఈ అభ్యంతరం చులకనగా తీసివేయదగినది కాదు. దీనికి బలమైన సాక్ష్యం బ్రెజిల్‌లోనే ఉన్నది. అక్కడ 1976లో ఒక సర్వే మేనిరంగు ఏమిటని ప్రజలనే చెప్పమంటే, వందకు పైగా మాటలు వచ్చాయి. అత్యధికులు వాడినవి అందులో కొన్ని మాత్రమే అన్నది వేరే సంగతి. 2007లో బ్రసీలియా విశ్వవిద్యాలయంలో నల్లవారికి కేటాయించిన సీట్లకు ఇద్దరు కవల సోదరులు దరఖాస్తు పెట్టారు. పోలికలో తేడా కనిపించని కవలలు వారు. ఫొటోలను పరిశీలించిన సంఘం ఒకరిని నల్లవాడని అంగీకరించి, రెండవవాడిని కాదని తిరస్కరించింది. తరువాత ఆ నిర్ణయాన్ని మార్చుకొన్నారు గాని, అప్పటికే దేశమంతా నవ్వింది. జాతిని నిర్ణయించే సంఘమంటూ ఒకటి కూర్చుంటే ఇటువంటి హాస్యం తప్పదు.

అయినప్పటికీ 2012 ఏప్రిల్‌లో బ్రెజిల్ సర్వోన్నత న్యాయస్థానం ఈ కేటాయింపులను ఏకగ్రీవంగా సమర్థించింది. అదే ఏడు కేంద్ర విశ్వవిద్యాలయాలకు చట్టం వచ్చింది. ఈ వ్యాసకర్త అభిప్రాయం కూడా ఆ తీర్పు పక్షమే. కారణం ఇది. ఫొటోల సంఘం తడబడింది, కాని ఉద్యోగమిచ్చే యజమాని, వీధిలో ఆపే పోలీసు తడబడరు. వారు ఏ సంఘాన్నీ అడుగకుండానే క్షణంలో నిర్ణయిస్తారు. వివక్ష చేసేటప్పుడు జాతి సుస్పష్టంగా కనిపించి, పరిహారం చెల్లించవలసి వచ్చినప్పుడు మాత్రం "అది శాస్త్రీయం కాదు" అని తోచడం కుయుక్తి. ఉపాధిని పోగొట్టాలంటే దానిని కలిగించిన నిమిత్తాన్ని తొలగించాలి. పేరును చెరిపివేస్తే నిమిత్తం చెక్కుచెదరదు. స్ఫటికం ఎర్రగా కనిపించకూడదంటే పక్కనున్న మందారపువ్వును తీయాలిగాని, చూచేవారి కళ్లు మూయరాదు.

లెక్కపెట్టకపోవడం కూడా ఒక చర్యే. మెక్సికోలో బానిసత్వాన్ని 1829లో రద్దుచేసిన అధ్యక్షుడు విసెంతె గెరెరో స్వయంగా ఆఫ్రికా మూలాలు కలవాడు. అదే దేశం తన ఆఫ్రికా సంతతి ప్రజలను ఆధునిక కాలంలో తొలిసారి అధికారికంగా లెక్కించినది 2015 సర్వేలో. వారు సుమారు 13 లక్షల 80 వేలని తేలింది. 2019లో రాజ్యాంగం వారిని పేరుపెట్టి గుర్తించింది. 2020 జనాభా లెక్కలలో ఆ సంఖ్య 25 లక్షలు దాటింది. అయిదేళ్లలో అంతమంది పుట్టలేదు. ఆ పేరు పలకడానికి ధైర్యం వచ్చినవారు పెరిగారు. కొలంబియాలో 2005లో 43 లక్షలకు పైగా నమోదైన ఆఫ్రికా సంతతివారు 2018 లెక్కలలో 30 లక్షలకు లోపే కనిపించారు. వారు ఎక్కడికీ పోలేదు, లెక్క తప్పింది. ఆ దేశపు గణాంక సంస్థే తరువాత ఆ సంఖ్యను సవరించి అంచనా వేయవలసి వచ్చింది. నాలుగేళ్ల తరువాత, 2022లో, ఆ ప్రజలలోని ఫ్రాన్సియా మార్కెస్ దేశ ఉపాధ్యక్షురాలైనది. బ్రెజిల్ 2022 జనాభా లెక్కలలో నూటికి 45.3 మంది తమను మిశ్రమవర్ణులుగా, 43.5 మంది తెల్లవారుగా, 10.2 మంది నల్లవారుగా చెప్పుకొన్నారు. ఆ దేశపు ఆధునిక లెక్కలలో మిశ్రమవర్ణులు తెల్లవారిని మించడం అదే మొదటిసారి.

సంయుక్త రాష్ట్రాలు ఈ ప్రశ్నను అడిగే తీరును మార్చుకొంటూ వచ్చాయి. 1930లో "మెక్సికన్" అన్నది జాతుల పట్టికలో ఒక జాతి. మరుసటి లెక్కలకే దానిని తీసివేశారు, మెక్సికో సంతతివారు ఒక్క కలంపోటుతో తెల్లవారయ్యారు. 1977 ఉత్తర్వు లాటినోత్వాన్ని జాతితో నిమిత్తం లేని వేరే ప్రశ్నగా నిర్ణయించింది: ఏ జాతివారైనా లాటినోలు కావచ్చు. డిహిగోకు ఆ పత్రంలో చోటుంది. కాని 2020లో లాటినోలలో నూటికి నలభైమందికి పైగా జాతి ప్రశ్న దగ్గర ఆగిపోయి, "మరొక జాతి" అన్న గడి మాత్రమే నింపారు. దానితో 2024 మార్చిలో ప్రభుత్వం రెండు ప్రశ్నలను కలిపి ఒకటిగా చేయాలని నిర్ణయించింది. నల్లవారు, తెల్లవారు, లాటినోలు మొదలైనవన్నీ ఒకే వరుసలో ఉంటాయి; ఎన్ని గడులైనా నింపవచ్చు.

చాలామందికి ఇది సౌకర్యం. ఆఫ్రో-లాటినో పండితులు మాత్రం ముందునుంచే అభ్యంతరం చెప్పారు. లాటినోత్వాన్ని నల్లదనం పక్కన మరొక జాతిగా నిలబెడితే, "లేక" అన్న అవ్యయం పత్రంలోకే ఎక్కుతుంది. ఒకే గడి నింపి వదిలేసేవారు నల్లవారి లెక్కనుంచి మాయమవుతారు. ఇళ్ల అద్దెలో, ఆసుపత్రిలో, బడిలో తెల్ల లాటినోకు, నల్ల లాటినోకు జరిగే వేర్వేరు అనుభవాలను చూపే అంకెలు దొరకవు. రెండు గడులూ నింపవచ్చునన్న వీలు కాగితం మీద ఉన్నది నిజమే. కాని ఆ రెంటినీ ఒకే ప్రశ్నకు రెండు జవాబులుగా చూపడమే ఇక్కడ వారి ఆక్షేపణ.

ఒక ప్రసిద్ధ పరిశోధనా సంస్థ 2022లో ప్రకటించిన వివరాల ప్రకారం సంయుక్త రాష్ట్రాలలో ఆఫ్రో-లాటినో వయోజనులు సుమారు 60 లక్షలు. జాతి ఏమిటని అడిగితే వారిలో నూటికి సుమారు ముప్పైమంది తెల్లవారమన్నారు, 25 మంది నల్లవారమన్నారు, 23 మంది మరొక జాతి అన్నారు. ఏడుగురిలో ఒకరు దాదాపుగా, తమను లాటినో అని చెప్పుకోలేదు. ఈ జవాబులు పరస్పర విరుద్ధాలని గణాంకశాస్త్రి విసుగుపడవచ్చు. ఆ తెల్లవారమన్నవారు అబద్ధమాడారా? తమ ఊరిలో తమను ఏ పేరుతో పిలిచేవారో ఆ పేరే చెప్పి ఉంటారు. సాన్ హ్వాన్‌లో ఒక పేరు, సాంతో దొమింగోలో ఒకటి, హార్లెంలో మరొకటి.